గర్భసంచికి "పుండు" అంటే కాన్సరేనా?

ఉద్దానం పేరెత్తగానే అందరికీ గుర్తుకొచ్చేది మూత్రపిండాల జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో "క్రియాటినిన్" అన్న మాట చదువుకున్న వాళ్ళకే కాదు, జీడితోటలో పిక్కలేరే ముసలమ్మకు కూడా తెలుసు. ఎవరికెంత ఉందో ఇరుగుపొరుగు వాళ్ళు అప్పజెబుతారు. కాని అదే ముసలమ్మను, ఆమె కోడలిని, "గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?" అని అడిగి చూడండి. "పిల్లలు పుట్టడాలు అయిపోనాయి, ఇంకా మాకేటి పరీక్షలు?" అంటారు.

ఈ వారం మనం మాట్లాడుకోబోయేది ఆ పరీక్ష గురించే. విషయం కాస్త సిగ్గుపడేలా ఉంటుందని పేజీ తిప్పెయ్యకండి. మగవారు కూడా చదవండి. మీ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు దాటిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకుని మరీ చదవండి.

ఎంతమందికి వస్తోంది?

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు కొత్తగా గర్భాశయ ముఖద్వార కాన్సర్ వచ్చింది. సుమారు 80,000 మంది చనిపోయారు. మన ఆడవాళ్ళకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సర్ తర్వాత స్థానం దీనిదే.

ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. మద్రాసు, బొంబాయి, బెంగుళూరు వంటి నగరాలలో 1980ల నుంచి నమోదవుతున్న లెక్కలు చూస్తే, జనాభాతో పోల్చినప్పుడు ఈ కాన్సర్ తగ్గుతూ వచ్చింది. పెళ్ళి ఈడు పెరగడం, కాన్పులు తగ్గడం, శుభ్రమైన నీళ్ళు, స్నానాల గది వంటి సౌకర్యాలు పెరగడం ఇందుకు కారణాలని నిపుణులు చెబుతారు. కాని తగ్గుతోంది కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు!

అసలు ఏం జరుగుతుంది?

గర్భసంచిని తల్లకిందులుగా పెట్టిన బేరికాయ అనుకోండి. యోనిలోకి దిగి ఉండే దాని సన్నని మెడనే ముఖద్వారం అంటారు. ఈ మెడ చివర రెండు రకాల చర్మపు పొరలు కలిసే సరిహద్దు ఒకటి ఉంది. వ్యవహారమంతా ఆ సరిహద్దు దగ్గరే మొదలవుతుంది.

దీనికి మూలం ఒక వైరస్. పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి. ఈ సంబంధాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇందులో చాలా రకాలున్నా, 16, 18 నంబర్ల రకాలే నూటికి 70 కాన్సర్లకు కారణం. దాంపత్య జీవితంలో ఇది ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ వైరస్ సోకడం చెడు నడతకు గుర్తు కాదు. దాంపత్య జీవితం గడిపిన వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఒకే భర్తతో కాపురం చేసిన ఇల్లాలికీ సోకవచ్చు. కనుక పరీక్షలో వైరస్ ఉందని తేలితే ఆలుమగలు ఒకరినొకరు అనుమానించుకుని సంసారం పాడుచేసుకోవద్దు. ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఏ డాక్టరూ చెప్పలేడు.

సోకినవారిలో నూటికి 90 మందికి ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. వొంటికి ఉండే రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. ఏ కొద్దిమందిలోనో అది తిష్ఠ వేస్తుంది. అప్పుడు ముఖద్వారం పైపొరలోని కణాలు మెల్లగా తమ రూపు మార్చుకుంటాయి. దీన్నే కాన్సర్‌కు ముందు దశ అంటారు. ఇది కాన్సర్ కాదు. కాన్సర్‌గా మారగల మార్పు మాత్రమే. వైరస్ సోకిన నాటి నుంచి కాన్సర్ రావడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చే కాన్సర్లు బహు తక్కువ.

సిక్కోలు జిల్లా వాళ్ళకు ఈ సంగతి సులభంగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. సముద్రపు ఒడ్డు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ పెట్టడం, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, మీరు చూసే ఉంటారు. ఆ అలవాటున్న వారి అంగిట్లో ముందు తెల్లని మచ్చలు, గరుకుదనం వస్తాయి. చాలా ఏళ్ళకు కొందరిలో అదే కాన్సర్ అవుతుంది. ఈ జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనం ఒకటి 1971లో వెలువడి ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. అంగిట్లో మచ్చ ఎలాంటిదో ముఖద్వారం మీద మచ్చ కూడా అలాంటిదే. తేడా అల్లా, నోరు తెరిస్తే అది కనిపిస్తుంది, ఇది కనిపించదు. ఇంకో మాట: పొగాకు ఈ కాన్సర్‌కూ తోడ్పడుతుంది. చుట్ట మానడానికి ఇదొక అదనపు కారణం.

మూడు మెట్లు

ఈ ముందు దశను డాక్టర్లు మూడు మెట్లుగా విభజిస్తారు. మీ రిపోర్టులో సి.ఐ.ఎన్. 1, 2, 3 అని ఉండేది ఇదే.

మొదటి మెట్టులో మార్పు స్వల్పం. సగానికి మించిన స్త్రీలలో అదే మానిపోతుంది. సాధారణంగా చికిత్స అక్కర్లేదు, మళ్ళీ పరీక్షకు వెళ్తే చాలు.

రెండో మెట్టులో ఉన్న వారిని రెండేళ్ళు కనిపెట్టి చూసిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, సుమారు సగం మందిలో తగ్గిపోయింది. మూడో వంతు మందిలో అలాగే ఉంది. అయిదో వంతు కంటే కాస్త తక్కువ మందిలో ముదిరింది.

మూడో మెట్టు మాత్రం అలక్ష్యం చెయ్యరానిది. దీనికి ప్రపంచం ఒక విషాదకరమైన పాఠం నేర్చుకుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక పెద్ద స్త్రీల ఆసుపత్రిలో 1960లలో, 70లలో, ఈ మార్పు కాన్సర్‌గా మారదన్న నమ్మకంతో కొందరు స్త్రీలకు సరైన చికిత్స చెయ్యకుండా చూస్తూ ఊరుకున్నారు. ఆ సంగతి ఆ స్త్రీలకు చెప్పలేదు. 1987లో దీనిపై న్యాయవిచారణ వేశారు. తర్వాత ఆ రికార్డులన్నీ తిరగేసి 2008లో లెక్క తేల్చారు. చికిత్స సరిగా జరగని వారిలో 30 ఏళ్ళలో నూటికి 31 మందికి కాన్సర్ వచ్చింది. సరైన చికిత్స పొందిన వారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఈ వ్యాసమంతా. అదే మార్పు, అదే వ్యాధి. సకాలంలో ఒక చిన్న చికిత్స జరిగిందా లేదా అన్నదే ప్రశ్న.

"పుండు పడింది, సంచి తీసెయ్యాలి" అంటే?

ఇక మన రాష్ట్రంలో రెండో వైపు జరిగే పొరపాటు. తెల్లబట్ట అవుతోందనో, నడుంనొప్పి అనో వెళ్ళిన మనిషికి "గర్భసంచికి పుండు పడింది, తియ్యకపోతే కాన్సర్ అవుతుంది" అని చెబుతారు. ముప్ఫై అయిదేళ్ళకే ఆపరేషన్ అయిపోతుంది. 2019-21 సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశం మొత్తం మీద ఇది నూటికి సుమారు 3 మాత్రమే. మన ఆడవాళ్ళ గర్భసంచులకే మూడింతల జబ్బులున్నాయంటే నమ్మగలమా?

"పుండు" అని చెప్పేది చాలాసార్లు పుండే కాదు. లోపలి పొర కాస్త బయటికి వచ్చి ఎర్రగా కనిపిస్తుంది. కాన్పులైన వారిలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇది సహజం. తెల్లబట్ట అన్నిసార్లూ జబ్బు కాదు, జబ్బయినా ఎక్కువసార్లు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షనే. నడుంనొప్పికి గర్భసంచి కారణం కావడం అరుదు. రోజంతా ముక్కాలిపీట మీద కూర్చుని జీడిపిక్కలు కొట్టే మనిషికి నడుం నొప్పెట్టక మానుతుందా?

కనుక ఎవరైనా "పుండు" అని చెబితే మీరు అడగవలసిన ప్రశ్నలు మూడు. పాప్ పరీక్ష గాని, హెచ్.పి.వి. పరీక్ష గాని చేశారా? ముక్క తీసి పరీక్షకు పంపారా? ఆ రిపోర్టులో ఏ మెట్టు అని ఉంది? ఈ మూడింటికీ కాగితం మీద సమాధానం లేకుండా, కాన్సర్ భయంతో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. మరో డాక్టరు సలహా తీసుకోండి. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బోలవుతాయి, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుంది.

పరీక్షలు ఏమిటి?

మూడు రకాలున్నాయి. మూడూ కాన్పు పరీక్షకు పడుకున్నట్టే పడుకుని, కొద్ది నిమిషాల్లో చేయించుకునేవే. కోత లేదు, మత్తు లేదు.

ఒకటి, వెనిగర్ పరీక్ష. పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు ఉన్న చోట తెల్లగా పాలిపోతుంది. దీన్ని శిక్షణ పొందిన నర్సు కూడా చెయ్యగలదు. బొంబాయి మురికివాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి ఈ పరీక్ష చేయగా ఈ కాన్సర్ మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రకటించారు. కాని ముట్లుడిగిన వారిలో ఆ సరిహద్దు లోపలికి ముడుచుకుపోతుంది కనుక వారికి ఇది అంతగా పనికిరాదు.

రెండు, పాప్ పరీక్ష. ముఖద్వారం నుంచి కణాలు గోకి తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు.

మూడు, హెచ్.పి.వి. పరీక్ష. వైరస్ ఉందా లేదా అని నేరుగా చూస్తుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫై వేల మందికి పైగా స్త్రీలతో జరిపిన అధ్యయనంలో, ఈ పరీక్షను జీవితంలో ఒక్కసారి చేసినా ఎనిమిదేళ్ళలో మరణాలు సగానికి తగ్గాయని 2009లో వెల్లడయింది. హైదరాబాదు దగ్గర మెడ్చల్ ప్రాంతంలో మన తెలుగు స్త్రీలలో జరిపిన పరిశోధనలో కూడా ఈ పరీక్షే ఎక్కువ నమ్మకమైనదని తేలింది. వెనిగర్ పరీక్ష కొన్నిటిని పట్టుకోలేకపోయింది. హెచ్.పి.వి. పరీక్షకు నమూనాను స్త్రీ తనంతట తానే తీసి ఇవ్వవచ్చు. సిగ్గుపడే వారికి ఇదొక వరం.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ ప్రతి స్త్రీకీ అయిదేళ్ళకోసారి వెనిగర్ పరీక్ష జరగాలి. హెచ్.పి.వి. పరీక్ష అయితే అయిదు నుంచి పదేళ్ళకోసారి చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఏ జబ్బూ లేనప్పుడు, ఏ బాధా లేనప్పుడు చేయించుకోవడమే దీని అసలు ప్రయోజనం. ముందు దశలో నొప్పి ఉండదు, రక్తం కనబడదు.

మరో సంగతి. పరీక్షలు పెరిగిన చోట "మునుపెన్నడూ లేనిది, ఇప్పుడిందరికి ఈ మచ్చలేమిటి?" అని కంగారు పడతారు. మచ్చలు కొత్తగా రాలేదు, చూసేవాళ్ళు కొత్తగా వచ్చారు. మచ్చలు ఎక్కువగా దొరికిన ఊళ్ళో కొన్నేళ్ళకు కాన్సర్లు తగ్గుతాయి.

చికిత్స ఎంత సేపు?

మార్పు ఉందని తేలితే కాల్పోస్కోప్ అనే భూతద్దంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత మూడు మార్గాలు. ఆ చోటును చలువతో గడ్డకట్టించడం, వేడితో మాడ్చడం, లేదా సన్నని కరెంటు తీగతో ఆ పొరను తీసెయ్యడం. ఎక్కువమంది ఆ రోజే ఇంటికి వెళ్ళిపోతారు. తర్వాత కొన్నాళ్ళు నీళ్ళలా అవుతుంది. డాక్టరు చెప్పిన నాలుగైదు వారాలు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. బరువులు మొయ్యకూడదు. ఈ మాట భర్తలూ అత్తగార్లూ గుర్తుంచుకోవాలి.

నూటికి 85, 90 మందికి ఒక్కసారితో నయమవుతుంది. మిగిలిన ఆ పదిమందిలో మీరున్నారా లేదా అన్నది తిరిగి పరీక్షకు వెళ్తేనే తెలుస్తుంది. ఏడాదికి రమ్మంటే తప్పక వెళ్ళండి. ఇక్కడే మన వాళ్ళు దెబ్బతింటారు. మగవాళ్ళు చేపల వేటకు గుజరాత్ వెళ్ళిపోతారు, ఇంటి బరువంతా ఆడమనిషి మీద. ఒక రోజు కూలి పోతుందని పరీక్ష వాయిదా పడుతుంది. చీటీ మీద తేదీని పెద్ద అక్షరాలతో కాలెండరు మీద రాసిపెట్టండి.

ఆలస్యమైతే? మొదటి దశ కాన్సర్‌లో నూటికి 80 మందికి పైగా అయిదేళ్ళు దాటి బతుకుతారు. మూడో దశకు వచ్చేసరికి అది 40కి అటూ ఇటూ పడిపోతుంది. మన దేశంలో ఎక్కువమంది వచ్చేది రెండో, మూడో దశల్లోనే.

ఉద్దానం ఇళ్ళకు ప్రత్యేకంగా

ఈ మాట మరెక్కడా కన్నా మీ ప్రాంతంలో ఎక్కువ ముఖ్యం. ముఖద్వార కాన్సర్ ముదిరితే మూత్రపిండాల నుంచి వచ్చే గొట్టాలను నొక్కేస్తుంది. మూత్రం వెనక్కి నిలిచిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాళ్ళు ఉబ్బుతాయి, వికారం పుడుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. ఉద్దానంలో ఈ లక్షణాలు చూడగానే ఎవరైనా ఏమంటారు? "కిడ్నీ వచ్చేసింది" అంటారు. సోంపేట, పలాస, టెక్కలిలలో డయాలిసిస్ కేంద్రాలు వెలిశాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కాని ఆడమనిషికి క్రియాటినిన్ పెరిగిందంటే, "అమ్మా, బహిష్టు ఎలా అవుతోంది? ముట్లుడిగాక రక్తం కనిపించిందా?" అన్న ప్రశ్న కూడా పడాలి. స్కానింగు తేడా చెబుతుంది. ఉద్దానం జబ్బులో మూత్రపిండాలు సాధారణంగా కుంచించుకుపోయి ఉంటాయి. గొట్టాలు మూసుకుపోతే ఉబ్బి ఉంటాయి. ఆ అడ్డు తొలగిస్తే చాలామందిలో మూత్రపిండాలు కొంతవరకైనా తేరుకుంటాయి.

తిరగేసి చూసినా సంబంధం ఉంది. ఈ కాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు మూత్రపిండాల మీద భారం వేస్తుంది. అసలే మూత్రపిండాలు బలహీనంగా ఉన్న స్త్రీకి ఆ మందు ఇవ్వడం కష్టం. అంటే ఉద్దానం స్త్రీకి కాన్సర్ వచ్చాక చికిత్స చేసే దారి మిగతావారి కంటే ఇరుకు. ముందు దశలోనే పట్టుకోవలసిన అవసరం ఆమెకు అందరికంటే ఎక్కువ. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడతారు కనుక వారిలో ఈ వైరస్ త్వరగా పోదు. వారు, హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలు మరింత తరచుగా పరీక్ష చేయించుకోవాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందు మీ ఊరి ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు పరీక్ష చేస్తారో వాళ్ళు చెబుతారు. పై పరీక్షలకు పలాస, టెక్కలి ప్రభుత్వాసుపత్రులలో లేడీ డాక్టరును కలిస్తే ఎక్కడికి వెళ్ళాలో రాసిస్తారు. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు బరంపురం వైద్య కళాశాల దగ్గర. కాన్సర్ అని తేలితే విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోకండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పేరు మారినా కాన్సర్ చికిత్స అందులో ఉంది. కార్డు వెంట తీసుకెళ్ళండి.

టీకా సంగతి

హెచ్.పి.వి.కి టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేస్తే ఎక్కువ ఫలితం. మన తెలుగువాళ్ళకు దీనిపై ఒక భయముంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఈ టీకా వేసే కార్యక్రమం జరిగింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదని తేలింది. కాని తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్న తప్పు మాత్రం నిజమేనని తేలింది. టీకా వేయించే ముందు అన్నీ అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. అడగండి, తెలుసుకుని వేయించండి.

అదే 2010లో దేశంలో మరో టీకా పరిశోధన కూడా మధ్యలో ఆగింది. దానితో వేలాదిమంది పిల్లలకు ఒకే మోతాదు అందింది. పదేళ్ళు కనిపెట్టి చూస్తే ఆ ఒక్క మోతాదే గట్టిగా కాపాడింది! ఇటువంటి ఆధారాలతోనే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మోతాదు సరిపోతుందని అంగీకరించింది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్ళకు ఈ టీకా వేయించుకున్న ఆడపిల్లల్లో ఒక్కరికి కూడా ఈ కాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. అయితే టీకా ఉన్న మచ్చను మాన్పదు. టీకా కూతురికి, పరీక్ష తల్లికి. టీకా వేయించుకున్న కూతురు కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలి.

ఆగకుండా వెళ్ళవలసిన లక్షణాలు

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, భర్తతో కలిసిన తర్వాత రక్తం కనిపించినా, నెల మధ్యలో రక్తస్రావం అయినా, దుర్వాసనతో గాని రక్తపు చారతో గాని తెల్లబట్ట అయినా, శిబిరం పెట్టేదాకా ఆగవద్దు. ఆ వారంలోనే డాక్టరును కలవండి. "మళ్ళీ ముట్టు మొదలయింది, వొంట్లో వేడి" అని మజ్జిగ తాగి ఊరుకోకండి. ముట్లుడిగాక ముట్టు తిరిగి రాదు.

పెళ్ళికీ పండక్కీ బస్సెక్కి టెక్కలి, పలాస వెళ్ళే మీరు, ఈ పనికి కూడా ఒక పూట కేటాయించండి. ఒంటరిగా వెళ్ళడానికి సిగ్గనిపిస్తే వదినా మరదళ్ళు, అత్తాకోడళ్ళు కలిసి వెళ్ళండి. ఫలితం మంచిదైతే అయిదేళ్ళు నిశ్చింతగా ఉంటారు. మచ్చ ఉందని తేలితే, పోగొట్టుకోవడానికి ఇంకా సమయం ఉండగానే తెలిసిందని సంతోషించండి.